దళం కట్టబోయే ముందు: కాలనీ కుర్రవాళ్లను కూడగడుతున్న మా అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ భీమిలిలో అందరమూ క్షేమంగా ఉన్నాము. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం చేరి నాలుగు రోజులయింది. 2025 మే 7న దేశమంతటా జరిగిన పౌర రక్షణ మాక్‌డ్రిల్‌లో సైరన్ విన్నప్పటి నుంచి మీ గాజువాక కాలనీ కుర్రవాళ్లలో కదలిక వచ్చిందనీ, ఆ నెల 10న పాకిస్తాన్ సరిహద్దులో కాల్పులు ఆగిన తరువాత కూడా వాట్సాప్ గ్రూపులో పేర్లు చేరుతూనే ఉన్నాయనీ, ఇప్పటికి రెండు వందలు దాటాయనీ, ఈ ఉత్సాహం చల్లారకముందే దాన్ని ఒక స్వచ్ఛంద రక్షణ దళంగా నిలబెట్టాలని అనుకుంటున్నావనీ వ్రాశావు. 1971 యుద్ధంలో విశాఖపట్నం వన్‌టౌన్‌లో హోంగార్డుగా రాత్రులు తిరిగినవాణ్ని కనుక నన్ను అడగడం సబబే. అయితే నీవు అడిగినవి మూడు ప్రశ్నలు: యూనిఫాం ఏ రంగులో ఉండాలి, ఆయుధాలకు అనుమతి ఎవరిస్తారు, దళానికి ఏం పేరు పెడితే బాగుంటుంది. నీ వయసులో నేనూ ఈ మూడే అడిగాను కాబట్టి తప్పు పట్టడం లేదు. వాటికి జవాబులు ఉత్తరం చివర నాలుగు ముక్కల్లో చెబుతాను. ముందు నీవు అడగని సంగతి ఒకటి చెప్పాలి.

ఆ యుద్ధం డిసెంబరు 3 నుంచి 16 వరకు, పద్నాలుగు రోజులు జరిగింది. మొదటి రాత్రి, అంటే 3వ తేదీ అర్ధరాత్రి దాటాక, ప్రధాని ఇందిరాగాంధీ రేడియోలో మాట్లాడతారని పేటంతా మెలకువగా ఉన్న సమయంలో సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు వినిపించి మా కిటికీ తలుపులు దడదడలాడాయి. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన చప్పుడని మాకు తరువాత గానీ తెలియలేదు. ఆ రాత్రి మా ప్లటూన్ హాజరు పట్టీలో ముప్ఫై ఆరు పేర్లుంటే వీధిలో యాభై మంది నిలబడ్డారు. పిలిచినవాడూ వచ్చాడు, పిలవనివాడూ వచ్చాడు. ఆ తరువాతి రాత్రులలో మా పేట మీద ఒక్క బాంబు కూడా పడలేదు. ఆరో రాత్రికి ఇరవై మంది మిగిలారు, పదో రాత్రికి పదకొండు మంది. ఆ పదకొండు మందిలోనూ ఇద్దరు అరుగు మీద చేరగిలబడి గురక పెట్టేవారు. సైరన్ మోగిన రాత్రి ఎవరైనా వస్తారు. ఏమీ మోగని పదో రాత్రి, మర్నాడు పనిలోకి వెళ్లవలసి ఉండి కూడా, దుప్పటి కప్పుకుని వచ్చి నిలబడే మనిషిని దృష్టిలో పెట్టుకుని నీ దళాన్ని కట్టు. ఎవరిని చేర్చుకోవాలి, ఏం నేర్పాలి, ఎంతసేపు కాపలా పెట్టాలి అనే ప్రశ్నలన్నింటికీ ఆ పదో రాత్రే జవాబు చెబుతుంది.

ఇక పని మొదలుపెట్టవలసిన చోటు కలెక్టరు కార్యాలయం. పది మంది కలిసి కర్రలు పట్టుకుని రాత్రిపూట దారిన పోయేవాళ్లను ఆపి అడిగితే, వాళ్ల ఉద్దేశం ఎంత మంచిదైనా, చట్టం వాళ్లకు ఆ హక్కు ఇవ్వలేదు. చేయి జారితే కేసు వాళ్ల మీదే పడుతుంది. ఈ పనికి మన దేశంలో రెండు దారులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఒకటి హోంగార్డులు. 1946 డిసెంబరు 6న బొంబాయిలో, కల్లోలాల సమయంలో పోలీసులకు తోడుగా ఉండటానికి పౌరులతో ఏర్పరచిన దళం అది; 1962లో చైనా యుద్ధం తరువాత కేంద్రం సూచన మీద రాష్ట్రాలన్నింటిలో దాన్ని ఒక పద్ధతికి తెచ్చారు. మేము చేరిన రోజుల్లో పగలు ఎవరి వృత్తి వారు చేసుకుంటూ సాయంత్రం కవాతుకు వెళ్లేవాళ్లం. ఇప్పుడు మన దగ్గర హోంగార్డు అంటే ట్రాఫిక్ కూడలిలోనో పోలీసు స్టేషనులోనో రోజు భత్యం మీద పొద్దస్తమానం పని చేసే మనిషి. ఆ ఎండలో నిలబడ్డ పిల్లలను చూస్తే స్వచ్ఛంద సేవ అనే మాట వాళ్ల విషయంలో వాడటానికి నాకు నోరు రాదు. అందుచేత మీకు తగినది రెండో దారి, పౌర రక్షణ. 1968 నాటి సివిల్ డిఫెన్స్ చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రాంతానికి కంట్రోలర్‌ను నియమిస్తుంది. జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తక్కువ కాని అధికారి చేతిలో ఆ బాధ్యత ఉంటుంది. 2009లో ఆ చట్టాన్ని సవరించి ప్రకృతి విపత్తులను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వపు యువజన వేదిక మై భారత్ ద్వారా కూడా పౌర రక్షణ వలంటీర్లను పిలిచారు. మీ కాలనీ సంక్షేమ సంఘం తీర్మానం జత చేసి, పద్దెనిమిదేళ్లు నిండిన ముప్ఫై నలభై మంది పేర్లతో ఒక దరఖాస్తు ఇవ్వు. నకలు ఒకటి మీ పోలీసు స్టేషనులోను, మరొకటి దగ్గరి అగ్నిమాపక కేంద్రంలోను ఇచ్చి, రెండు చోట్లా ముద్ర వేయించుకో. జవాబు ఆలస్యంగా వస్తుంది. రాదని అలిగి సొంతంగా మొదలుపెట్టకు. ఆ మధ్యకాలంలో చేయదగిన పని చాలా ఉంది, దాన్ని గురించే ఇకమీద వ్రాస్తున్నాను.

రెండు వందల పేర్లని వ్రాసినప్పుడు నీ అక్షరాలలో సంబరం కనిపించింది. ఆ జాబితాను పక్కన పెట్టి, ఒక్కొక్కరింటికి వెళ్లి పది నిమిషాలు కూర్చుని మాట్లాడు. ధైర్యవంతులా అని అడగకు, అందరూ అవునంటారు. ఏ వేళల్లో ఇంట్లో ఉంటారు, చంటిబిడ్డలున్నారా, రాత్రి డ్యూటీ వారానికి ఎన్నిసార్లు, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా అని అడుగు. మీ కాలనీలో స్టీల్‌ప్లాంటు ఉద్యోగులు చాలామంది ఉన్నారు కదా. నైట్ షిఫ్టు చేసివచ్చినవాడు పగలు ఇంటిపట్టున ఉంటాడు. ఆపద రాత్రే రావాలని నియమమేమీ లేదు. పగలు పదకొండు గంటలకు మీ వీధిలో ఎవరుంటారో ఒకసారి లెక్క వేసి చూడు: ఆడవాళ్లు, పింఛను తీసుకునే ముసలివాళ్లు, షిఫ్టు ముగించుకు వచ్చినవాళ్లు, అంగళ్లవాళ్లు. తొమ్మిది గంటలకల్లా అందరూ బస్సెక్కి వెళ్లిపోయే ముప్ఫై మంది కుర్రవాళ్లు ఎంత బలవంతులైనా పగటి పూట నీకు దళం లేనట్టే.

మేము 1971లో చేసిన పెద్ద పొరపాటు ఆడవాళ్లను పట్టికలో వ్రాసుకోకపోవడం. మా పేటలో పురుళ్లు పోసే నర్సమ్మ ఒకావిడ ఉండేవారు. ఏ ఇంట్లో ఎవరు నిండుచూలాలు, ఏ ఇంట్లో పక్షవాతంతో మంచాన పడినవాళ్లున్నారు, ఏ సందులోంచి వెళితే ఏ పెరట్లోకి దారి ఉంది అన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. బ్లాకవుట్ చీకట్లో ఒక ఇంటి తలుపు తట్టి దీపం ఆర్పమని మేము అరిస్తే లోపలివాళ్లు భయపడి తీసేవారు కారు. ఆవిడ గొంతు వినిపిస్తే చాలు, గడియ తీసేవారు. చివరి వారం రోజులు ఆవిడను వెంటబెట్టుకునే తిరిగాము, కానీ హాజరు పట్టీలో మాత్రం ఆవిడ పేరు ఎక్కలేదు. నీ పట్టికలో సగం పేర్లయినా ఆడవాళ్లవి లేకపోతే దాన్ని చించి మళ్లీ వ్రాయి.

మనుషులు కుదిరాక కొనవలసిన మొదటి వస్తువు మందపాటి నోటుపుస్తకం. ఈ సంగతి మీద కాస్త ఎక్కువగా వ్రాస్తాను, ఎందుకంటే దళంలో చేరినవాళ్లు దీన్నే చిన్నచూపు చూస్తారు. మీ కాలనీని చేతితో పటం గీయండి. ప్రతి ఇంటికీ ఒక పంక్తి ఇచ్చి, ఎంతమంది ఉంటారు, నడవలేనివాళ్లెవరు, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవాళ్లెవరు, వినికిడి లేనివాళ్లెవరు, ఎవరింట్లో బావి ఉంది, ఎవరి మేడ మీద నీళ్ల ట్యాంకు ఎంతటిది, నిచ్చెన ఎవరి దగ్గర ఉంది, ఆటో ఎవరిది, వ్యాను ఎవరిది, ఎలక్ట్రీషియన్ ఎవరు, ఈత ఎవరికి వచ్చు, సామాజిక భవనం తాళంచెవి ఎవరింట్లో వేలాడుతుంది అన్నీ వ్రాయండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుందో, కరెంటువాళ్లకు ఏ నంబరుకు ఫోను చేయాలో, గ్యాసు గోదాము ఎంత దూరమో గుర్తు పెట్టండి. ఆ పుస్తకాన్ని మూడు నెలలకొకసారి ఇల్లిల్లూ తిరిగి సరిచూడండి. అద్దె ఇళ్లు ఎక్కువ ఉన్నచోట పాత పట్టిక మనల్ని ఖాళీ గదిలోకి పంపి, పక్క గదిలోని మనిషిని వదిలేస్తుంది. ఒంటరిగా ఉండే ఆడవాళ్ల వివరాలూ, రోగుల వివరాలూ ఉంటాయి కనుక ఆ పుస్తకంలోని ఒక్క పుటను కూడా ఫోనుతో ఫొటో తీసి గ్రూపులో పెట్టనివ్వకు. రెండే ప్రతులు, ఇద్దరు పెద్దల ఇళ్లలో, బీరువాలో ఉండాలి.

ఇదెందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పటి సంగతులు మా నాన్నగారు, అంటే మీ తాతగారు, చెబుతూ ఉండేవారు. బాంబుల తరువాత జనం మూటాముల్లె సర్దుకుని బండ్ల మీద పల్లెలకు తరలిపోయారట. మా వీధిలో ఎవరు వెళ్లారో ఎవరు మిగిలారో ఎవరికీ తెలియలేదట. తాళం వేసి ఉన్న ఒక ఇంట్లో ముసలావిడ రెండు రోజులు ఒంటరిగా ఉండిపోయిందని ఆయన ప్రతిసారీ చెప్పేవారు. అది నేను పుట్టకముందు మాట. నా కళ్లముందు జరిగినది చెప్పాలంటే, 2020 మే 7న తెల్లవారుజామున, జనం గాఢనిద్రలో ఉన్న వేళ, ఆర్.ఆర్. వెంకటాపురం వైపు స్టైరీన్ అనే విషవాయువు కర్మాగారం నుంచి వ్యాపించి ప్రాణాలు పోయాయి. అటువంటి వేళ కావలసినది తుపాకీ పట్టినవాడు కాదు. ఏ తలుపు వెనుక ఎవరున్నారో తెలిసి, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, గాలి ఎటు వీస్తోందో చూసి, జనాన్ని దానికి అడ్డంగా నడిపించగలవాడు. రేవు, చమురు శుద్ధి కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం, ఉక్కు కర్మాగారం చుట్టూ ఉన్న ఊరు మనది. యుద్ధం వస్తే ముందు దెబ్బ తగిలేదీ వీటికే, యుద్ధం లేని రోజున ప్రమాదం వచ్చేదీ వీటి నుంచే. కనుక మీరు నేర్చుకున్నదేదీ వృథా పోదు.

ఇప్పుడు శిక్షణ. కవాతు కొంచెం ఉండాలి. పది మంది ఒక మాట మీద కదలడం అలవాటు కావడానికి అది పనికివస్తుంది. వారానికి పావుగంట చాలు. మిగిలిన సమయమంతా చేతులతో చేసే పనికి ఇవ్వు. మా రోజుల్లో స్టిరప్ పంపు ఉండేది: బక్కెట్లో నిలబెట్టి, బయటికి వేలాడే ఇనుప పాదాన్ని కాలితో తొక్కిపట్టి, ఒకడు కొడుతూ ఉంటే మరొకడు గొట్టం పట్టుకుని మంట దగ్గరికి పాకేవాడు, మూడోవాడు నీళ్లు మోసేవాడు. ముగ్గురిలో ఏ ఒక్కరు తడబడినా ధార ఆగిపోతుంది. ఇప్పుడు సిలిండరు తరహా అగ్నిమాపక పరికరాలు వచ్చాయి కానీ, పిన్ను లాగి మంట మొదట్లోకి కొట్టాలన్న చిన్న విషయం కూడా చేతితో ఒక్కసారైనా చేసి చూడనివాడికి ఆ సమయంలో తోచదు. అగ్నిమాపక కేంద్రం వాళ్లను అడిగితే వచ్చి చూపిస్తారు. గ్యాసు బండ రెగ్యులేటరు కట్టేయడం, తడిపిన గోనెపట్టాతో మంటను కప్పడం, మెయిన్ స్విచ్చి ఆర్పకుండా నీళ్లు చల్లకపోవడం, రక్తం కారుతున్న చోట గట్టిగా అదిమిపట్టి వదలకుండా ఉండటం, ఊపిరి ఆగినవాడి ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం, ఇవి ప్రతి సభ్యుడికీ నిద్రలో లేపి అడిగినా రావాలి.

గాయపడినవాళ్లను మోయడం కూడా నేర్పాలి. రెండు వెదురు గడలు, మూలలు కత్తిరించిన రెండు గోనెసంచులు ఉంటే స్ట్రెచర్ తయారవుతుంది. మా శిక్షకుడు, యుద్ధం చూసివచ్చిన మాజీ సుబేదారు, అభ్యాసానికి ఎప్పుడూ సన్నగా ఉన్నవాణ్ని పడుకోబెట్టేవాడు కాదు. మా వీధి మిఠాయి కొట్టు యజమానిని బతిమాలి పిలుచుకొచ్చి పడుకోబెట్టేవాడు. మొదటి రోజు మేము నలుగురమూ ఆయనను లేపి, పది అడుగులు వేసి, కాలవ గట్టు మీద జారి ఆయనతో సహా బురదలో పడ్డాము. ఆయన లేచి పంచె దులుపుకుంటూ, నిజంగా బాంబు పడితే తనను మోయడానికి మమ్మల్ని మాత్రం పంపవద్దని సుబేదారుతో మనవి చేసుకున్నాడు. తరువాతి ఆదివారం మాత్రం తనంతట తానే వచ్చి పడుకున్నాడు. అటువంటి మనిషి ఒకరు మీ కాలనీలోనూ దొరుకుతారు, వెతుకు.

పనికిరాని సామగ్రి ఇచ్చి మనుషులను చిన్నబుచ్చకు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940 మే 14న ఇంగ్లండులో మంత్రి ఆంథొనీ ఈడెన్ స్థానిక రక్షణ దళంలో చేరమని రేడియోలో పిలుపునిస్తే కొద్ది రోజుల్లోనే రెండున్నర లక్షల మంది పేర్లిచ్చారు. తరువాత హోంగార్డ్ అని పేరు మార్చుకున్నది ఆ దళమే. మొదట్లో చేతికి పట్టీ తప్ప ఇవ్వడానికి ఏమీ లేకపోయింది, జనం వేటతుపాకులూ కర్రలూ పట్టుకుని కాపలా కాశారు, దాన్ని ఎవరూ అవమానంగా భావించలేదు. కానీ 1941లో, ఇనుప గొట్టాల చివర బాయొనెట్లు అతికించిన బల్లేలను ప్రభుత్వమే తయారు చేయించి పంపినప్పుడు ఆ మనుషుల మనసు విరిగింది. తమను నాటకంలో బంట్రోతుల్లా చూస్తున్నారని పార్లమెంటు దాకా గోల జరిగింది. లేనిది లేదని చెప్తే మనిషి ఓర్చుకుంటాడు. అలంకారానికి ఇచ్చినది పట్టుకుని అర్ధరాత్రి నిలబడమంటే పదో రాత్రి దాకా ఆగడు.

సంకేతాల విషయంలో చాలా కచ్చితంగా ఉండు. సైరన్ ఎక్కుతూ దిగుతూ రెండు నిమిషాలు మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో రెండు నిమిషాలు మోగితే ప్రమాదం తొలగినట్టు. ఈ తేడా మీ కాలనీలో ఏడేళ్ల పిల్లకు కూడా తెలియాలి. దీనికి తోడు మీ సొంత ఈలలు, గుడి గంటలు, కొత్త కొత్త గుర్తులు కనిపెట్టవద్దు. అదే ఇంగ్లండులో చర్చి గంటలను శత్రువు దిగినప్పుడు మాత్రమే మోగించాలని నియమం పెట్టుకున్నారు. 1940 సెప్టెంబరు 7న సైన్యాన్ని సిద్ధంగా ఉండమంటూ వెళ్లిన క్రామ్‌వెల్ అనే సంకేతపదాన్ని కొందరు స్థానిక కమాండర్లు శత్రువు దిగినట్టే అర్థం చేసుకుని గంటలు మోగించేశారు, రాత్రంతా జనం కంగారుపడ్డారు. ఇప్పుడు ఆ గంటల పని వాట్సాప్ చేస్తోంది. గ్రూపులో సందేశం పెట్టే అధికారం ఇద్దరికే ఉంచు. అధికారుల నుంచి వచ్చినది తప్ప ఏదీ ముందుకు పంపకూడదని మొదటి సమావేశంలోనే అందరి చేతా సంతకం చేయించు. సైనిక వాహనాలు, ఓడలు, విమానాల కదలికలను ఫొటో తీసి పెట్టినవాణ్ని ఎంత దగ్గరి స్నేహితుడైనా ఆ రోజే దళం నుంచి తీసివెయ్యి. ఫోన్లు పనిచేయని రోజు కూడా వస్తుంది. హుద్‌హుద్ తుపాను నాడు, 2014 అక్టోబరు 12న, మన ఊళ్లో ఎవరి ఫోను మోగిందో గుర్తు చేసుకో. సైకిలు మీద చీటీ పట్టుకుని వెళ్లే ఇద్దరు కుర్రవాళ్లను ఇప్పుడే నియమించి, నెలకొకసారి ఫోన్లు కట్టేసి అభ్యాసం చేయించు.

ఇప్పుడు నాకు చెప్పడం కష్టమైన సంగతి. ఘాజీ మునిగిన తరువాత రెండు మూడు రాత్రులు ఊరంతా గూఢచారుల కథలే. ఎవరో డాబా మీద నుంచి టార్చితో సైగ చేశారనీ, ఎవరింట్లోనో వైర్‌లెస్ దొరికిందనీ గంటకొక పుకారు వచ్చేది. అటువంటి రాత్రి మా సెక్షన్ తీరంలో గస్తీ తిరుగుతూ, తెప్ప పక్కన చిన్న లాంతరు వెలిగించుకుని కూర్చున్న ఒక జాలరిని పట్టుకుంది. ఎవరివని అడిగితే వణుకుతూ సరిగా జవాబు చెప్పలేకపోయాడు. మేము సముద్రానికి సంకేతాలిస్తున్నాడని నిర్ణయించుకుని, చేతులు వెనక్కి విరిచి వలతాడుతో కట్టి, తెల్లవారేదాకా ఇసుకలో కూర్చోబెట్టాము. మాలో ఒకడు చెంప మీద కొట్టాడు. నేను కొట్టలేదు, ఆపనూ లేదు. తెల్లవారాక తెలిసినదేమంటే అతని తమ్ముడు ముందురోజు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. వాడు ఒడ్డు గుర్తుపడతాడని లాంతరు పెట్టుకున్నాడు. తమ్ముడు ఆ మధ్యాహ్నానికి క్షేమంగానే చేరాడు. కానీ ఆ అన్న మణికట్టు మీద తాడు దిగిన గుర్తులు నేను చూశాను, అతను తల ఎత్తి నా వైపు చూడలేదు. ఇంకొక మాట విను: ఘాజీ మునిగిన చోట తేలిన వస్తువులను ముందుగా చూసి నౌకాదళానికి అందించినది విశాఖ జాలరులే. మేము అనుమానించినది సరిగ్గా వాళ్లనే.

నీ దళానికి ఇది వ్రాతపూర్వకమైన నియమంగా పెట్టు: ఎవరినీ పట్టుకోకూడదు, కట్టకూడదు, గుర్తింపు కార్డు అడగకూడదు, కులమో మతమో భాషో చూసి వెంటపడకూడదు. అనుమానం వస్తే దూరంగా నిలబడి, చోటూ వేళా గుర్తు పెట్టుకుని, 112కు ఫోను చేయాలి. 1940లో ఇంగ్లండులో రోడ్లకు అడ్డంగా కాపలా కాసిన వలంటీర్లు ఆగమన్నది వినిపించని వాహనదారులను కాల్చి చంపిన సందర్భాలున్నాయి; చచ్చినవాళ్లు తమ దేశస్థులే. అయితే 1965 సెప్టెంబరులో పాకిస్తాన్ పారాచూట్ సైనికులు పఠాన్‌కోట్, ఆదంపూర్, హల్వారా విమానస్థావరాల దగ్గర దిగినప్పుడు వాళ్లలో చాలామందిని పట్టించినది పంజాబు పల్లెల రైతులే కదా అని నీవు అడగవచ్చు. నిజమే. చెరకు చేలలో కొత్త మనిషి కనిపిస్తే పోల్చుకునేటంతగా ఆ రైతులకు తమ పొలమూ తమ జనమూ తెలుసు. పేరు తెలియని పక్కింటివాడి మీద వచ్చే అనుమానం వేరు. వీధిని ఎరగని దళానికే గూఢచారులు ఎక్కువగా కనిపిస్తారు.

రాత్రి కాపలా సంగతి. రెండు గంటలకు మించి ఎవరినీ నిలబెట్టకు, ఒంటరిగా ఎవరినీ పంపకు. ఇద్దరిని కలిపేటప్పుడు ఒక కుర్రవాణ్ని, ఒక నడివయసువాణ్ని కలుపు. కుర్రవాళ్లిద్దరయితే కబుర్లలో పడతారు, పెద్దవాళ్లిద్దరయితే కూర్చుంటారు. వారానికి ఒకరికి ఒక రాత్రి కన్నా ఎక్కువ రాకుండా పట్టిక వేయి, రెండు రాత్రులయితే మూడో వారానికి ఆ ఇంట్లో ఇల్లాలు అడ్డుపడుతుంది, అందులో ఆవిడ తప్పేమీ లేదు. డ్యూటీ మారేటప్పుడు ఈల, టార్చి, పుస్తకం చేతికిచ్చి పుస్తకంలో వేళ వ్రాసి సంతకం పెట్టించు. ఏమీ జరగకపోతే ఏమీ జరగలేదనే వ్రాయాలి. అలా వ్రాసిన పుటలు పెరుగుతున్నకొద్దీ, వృథాగా తిరుగుతున్నామనే భావన తగ్గడం నేను చూశాను. తెల్లవారుజామున మూడు గంటలకు వేడి టీ ఎవరింటి నుంచి వస్తుందో ముందే నిర్ణయించు. మా పదో రాత్రి పదకొండు మందిని నిలబెట్టింది దేశభక్తి ఎంతో, టీ కొట్టతను బొగ్గుల కుంపటి మీద మూతపెట్టి కాచి ఇచ్చిన అల్లం టీ కూడా అంతే. కుంపటి వెలుగు బయటికి కనిపించకుండా చుట్టూ తడిక కట్టేవాడు పాపం.

నాయకుడి విషయంలో రెండే మాటలు. పదవులు తక్కువగా సృష్టించు. పదకొండు మందికి నలుగురు కమాండర్లయితే నడిచేది ఏడుగురే. దళాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా మొదటి రోజే నిర్ణయించుకో. మా కంపెనీలో కొందరు యుద్ధం అయిపోయాక కూడా లాఠీ వదలలేక, సంతలో కూరగాయలవాళ్ల మీద అధికారం చెలాయించి మా అందరికీ తలవంపులు తెచ్చారు. ఆపద లేని కాలంలో నెలకు ఒక ఆదివారం అభ్యాసం, మూడు నెలలకు ఒకసారి పుస్తకం సరిచూడటం, అంతే ఉండాలి.

నీ మూడు ప్రశ్నలకు వస్తాను. యూనిఫాం వద్దు, సైన్యం దుస్తుల రంగు అసలే వద్దు. చీకట్లో వాహనాలకు కనిపించేటట్టు మెరిసే పట్టీల జాకెట్టు ఒకటి, దాని మీద పేరు, అది చాలు. ఆయుధాలు లేవు, లాఠీ కూడా పోలీసులు అడిగి ఇచ్చిన నాడు తప్ప పట్టవద్దు. టార్చి, ఈల, చేతి తొడుగులు, హెల్మెట్, పది మీటర్ల తాడు, ప్రథమ చికిత్స పెట్టె, ఇసుక బక్కెట్లు, ఇవి నీ ఆయుధాలు. వీటికి అయ్యే ఖర్చును కాలనీ సంఘం ఖాతా నుంచి రసీదులతో పెట్టించు, సభ్యుల జేబుల్లోంచి వసూలు చేయకు, రాజకీయ నాయకుడి దగ్గర తీసుకున్నావంటే బక్కెట్ల మీద ఆయన బొమ్మ అతికించవలసి వస్తుంది. పేరు విషయంలో పులులూ సింహాలూ లేకుండా మీ కాలనీ పేరు పెట్టి పక్కన పౌర రక్షణ బృందం అని వ్రాసుకోండి.

వచ్చే నెల రెండో ఆదివారం నేను విశాఖపట్నం వస్తున్నాను, మీ పెద్దమ్మ కంటి పరీక్ష ఉంది. అప్పటికి ఆ నోటుపుస్తకంలో కనీసం మొదటి రెండు వీధులయినా పూర్తి చేసి ఉంచు; ఇద్దరమూ కలిసి నాలుగు ఇళ్ల తలుపులు తట్టి నీవు వ్రాసినది సరిగ్గా ఉందో లేదో చూద్దాము. నా పాత ఈల ఇంకా ఉంది, తెస్తాను. మీ అమ్మకూ నాన్నకూ నా మాటగా చెప్పు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ పెదనాన్న

తా.క. బక్కెట్లలోకి ఇసుక సముద్రపు ఒడ్డు నుంచి తేవద్దు. అది ఉప్పుకు చెమ్మ పీల్చి వానాకాలంలో ముద్దకడుతుంది, అవసరానికి చేటతో తీస్తే రాదు. ఏటి ఇసుక తెప్పించి, ఎండబెట్టి, జల్లించి నింపి, పైన మూత వేయించు. మూత లేకపోతే వారంలో పిల్లులు దాన్ని తమ అవసరానికి వాడుకుంటాయి.